ఒడ్డున ఒక రాత్రికి కిరాయి

డాలస్‌కు నైరుతి మూలన, ఊరు ఇంకా పూర్తిగా వదలకముందే జో పూల్ చెరువు వస్తుంది. దాని తూర్పు ఒడ్డున సీడర్ హిల్ స్టేట్ పార్కు. విస్తీర్ణం 1,826 ఎకరాలు. టెంట్లకూ, బస్సంత ఆర్వీలకూ కలిపి రాత్రి బసకు మూడు వందల యాభై దాకా సైట్లున్నాయి. ఇర్వింగ్ నుంచి అరగంట దూరం, ఫ్రిస్కో నుంచి గంట. ఏప్రిల్ నెలలో శుక్రవారం సాయంత్రం గేటు ముందు వరసకట్టిన కార్లలో తెలుగువాళ్ల కారు ఒకటైనా ఉంటుంది. డిక్కీ తెరిస్తే ప్రెషర్ కుక్కర్ కనిపిస్తుంది కాబట్టి పోల్చుకోవడం తేలిక.

ఇక్కడ మాట్లాడుకుంటున్న ఇద్దరికీ పేర్లు అక్కర్లేదు, వరసలు చాలు. మామయ్య వరంగల్ జిల్లాలో నీటిపారుదల శాఖ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆరు నెలల వీసా మీద మేనకోడలి ఇంటికి వచ్చారు. ఆవిడ ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో, ఇద్దరు పిల్లలు, ఎండలు ముదరకముందు క్యాంపింగుకు రాకుండా ఉండలేదు. ఆయన ఓరుగల్లు మాటతీరు వదల్లేదు. ఆవిడ మాట డాలస్‌లోని అన్ని జిల్లాల తెలుగుతో కలిసిపోయింది. నేను వాళ్ల సైటులో అతిథిని. వాదనలో తలదూర్చకూడదనే కూర్చున్నాను, అది పూర్తిగా సాధ్యపడలేదు.

మామయ్య: నాకొక్క ముక్క అర్థమైతలేదు బిడ్డా. మీ ఇంట్ల నాలుగు బెడ్‌రూములు, నాలుగింటికీ ఏసీ. వాటికి తాళమేసి, బండి నిండా సామానేసుకొని వచ్చి, ముప్పై నలభై డాలర్లు కట్టి నేలమీద పడుకుంటున్నరు. నేను నౌకరిల చేరిన కొత్తల సర్వే క్యాంపుల్లో డేరాల కింద పడుకున్న. దానికి సర్కారు నాకు భత్యం ఇచ్చింది. మీరు ఎదురు కడుతున్నరు.

మేనకోడలు: పాకాల చెరువు కట్ట మీద వెన్నెల్లో, ఓవర్సీర్లతో కలిసి వండుకున్న చేపల పులుసు గురించి మా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పారు మామయ్యా? భత్యం సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదే.

మామయ్య: అది పనిల దొరికిన సంబురం. నేను దాన్ని వెతుక్కుంట పోలేదు. వెతికి, బుక్ చేసి, రసీదు ప్రింటు తీసుకొని తెచ్చుకుంటే ఇట్లుంటది. చూడు. స్తంభానికి కరెంటు డబ్బా, దాంట్ల ముప్పై ఆంపులది ఒకటి, యాభై ఆంపులది ఒకటి. పక్కన నల్లా. సిమెంటు గచ్చు మీద బల్ల. మంట వేసుకోవడానికి ఇనుప చట్రం, అది కూడా నేలకు పాతిపెట్టిండ్రు. ఆ ఎదుటి బండిలో ఏసీ నడుస్తున్నది, కిటికీల నుంచి టీవీ కనబడుతున్నది. రాత్రి తలెత్తి చూస్తే చుక్కల కన్నా విమానాలెక్కువ. ఇది అడవా?

మేనకోడలు: అడవి అని నేనెప్పుడన్నాను? కానీ పిల్లలు ఇక్కడ మూడు గంటలుగా గట్టు దిగి నీళ్ల దగ్గరే ఉన్నారు. ఇంట్లో అయితే ఫోను చేతిలోంచి దిగేది కాదు.

మామయ్య: ఇక్కడ కూడా దించిండ్రు, ఛార్జింగ్ పెట్టడానికి. నీ యాభై ఆంపుల డబ్బా దానికే అక్కరకొచ్చింది.

(ఇది నిజం. టేబులు కింద మూడు తీగలు వేలాడుతున్నాయి, వాటిలో ఒకటి నాది.)

మేనకోడలు: సరే, ప్రకృతి గురించి నేను మాట్లాడను. ఆ మాటతో మొదలుపెడితే మీరే గెలుస్తారు.

మామయ్య: ప్రకృతి పోనీ, ఈ కాయితం సంగతి చెప్పు. గేటు కాడ ఇచ్చింది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయొద్దు. సైటుకు ఎనిమిది మంది కన్నా ఎక్కువ ఉండొద్దు. బయట మందు తాగొద్దు. కుక్కకు తాడు విప్పొద్దు. జంతువులకు తిండి పెట్టొద్దు. ఇది చూడు, కిందపడ్డ పుల్ల ఏరొద్దట! చుట్టూ ఇన్ని చెట్లుంటే కట్టెలు దుకాణంల కొనుక్కోవాలట. ఇది వనమా, హాస్టలా?

మేనకోడలు: మూడు వందల యాభై సైట్ల వాళ్లు తలా ఒక మోపు ఏరుకుంటే ఎన్నాళ్లకు నేల బోడిదవుతుందో లెక్కవేయండి, మీరు ఇంజనీరే కదా. కింద పడిన కొమ్మ అక్కడే కుళ్లితేనే మట్టికి బలం, పురుగుకు గూడు, పిట్టకు తిండి. పోనీ ఇంటి దగ్గరి కట్టెలు తెద్దామంటే వాటిలో వేరే ఊరి పురుగులు వస్తాయి. యాష్ చెట్లను తొలిచి చంపే ఒక పచ్చ పెంకుపురుగు 2016లో టెక్సాస్‌లోనూ దొరికింది. అది ఊళ్లు దాటేది ఎక్కువగా కట్టెల మోపుల్లోనే. జంతువులకు తిండి పెట్టొద్దన్నది మన మేలుకే. రాకూన్లు కూలర్ మూత తీయడం ఎప్పుడో నేర్చుకున్నాయి.

మామయ్య: మరి పది గంటల ముచ్చట?

నేను ఊరుకోలేకపోయాను. పదింటికి స్పీకరు కట్టేయమంటే మొహం చిట్లించే వాళ్లలో మనవాళ్లు తక్కువేం కాదని చెప్పాను. డాలస్ చుట్టూ ఉన్న పార్కుల్లో మన సంఘాల వనభోజనాలు జరిగినప్పుడు, అల్యూమినియం ట్రేలలో బిర్యానీ ఎంత ఉంటుందో పాటల హోరూ అంతే ఉంటుంది. పగటిపూట అది పండుగే. రాత్రి పక్క టెంటులో చంటిపిల్లను జోకొడుతున్న తల్లికి మాత్రం కాదు. మామయ్య నా వైపు ఒకసారి చూసి, తన వాదన మార్చారు.

మామయ్య: మేడారం జాతర తెలుసు కదా నీకు. రెండేండ్లకోసారి, మాఘ పున్నమికి. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, బస్సులు. చెట్టు కింద గుడారం, మూడు రాళ్ల పొయ్యి, జంపన్నవాగుల తానం. అంత జనం అడివిల పడుకుంటరు. ఎవ్వడూ అయిదు నెలల ముందు బుక్ చేసుకోడు. ఎవ్వని గుడారానికీ నంబరు లేదు. అందరిదీ అంటే అది. మీరు దీన్ని క్యాంపింగ్ అని కొత్తగ కనిపెట్టినట్టు చెప్తున్నరు.

మేనకోడలు: పదో తరగతిలో ఉండగా అమ్మమ్మతో వెళ్లాను మామయ్యా. తెల్లవారకముందే, చీకటి ఉండగానే, ఆడవాళ్లం ఎంత దూరం నడిచి వెళ్లాల్సి వచ్చేదో మీకు తెలియదు. మీరు శాఖ గెస్ట్‌హౌస్‌లో ఉన్నారు. ఇక్కడ మా ఆయన ఆఫీసు పని మీద ఊళ్లో లేకపోయినా ఇద్దరు పిల్లలను తీసుకుని నేనొక్కదాన్నీ వచ్చి టెంటులో పడుకుంటాను. దీపం ఉంటుంది, వేడినీళ్ల స్నానాల గది ఉంటుంది, రాత్రి ఒకసారి రేంజర్ బండి తిరిగిపోతుంది. నేను ఏ సైటులో ఉన్నానో వాళ్ల దగ్గర రాసి ఉంటుంది. మీకు హాస్టలులా కనిపించే ఆ నంబరే నాకు ధైర్యం.

మామయ్య: (కాసేపటికి) దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ ముచ్చట నీకే వదిలేస్తున్న. కానీ అందరిదీ అన్న మాట మాత్రం ఒప్పుకోను. కారు లేనోడు ఇక్కడికెట్లొస్తడు? బస్సు రాదు. టెంటు కొనాలె, పొయ్యి కొనాలె, దోమల మందు కొనాలె. శని ఆదివారాలు గేటు కాడ నిండిపోయిందని బోర్డు పెడతరట. ఇదంతా ఉన్నోళ్లు పేదోళ్ల లెక్క రెండు దినాలు నటించే ఆట.

మేనకోడలు: మా సైటుకు అటుపక్క చూశారా? పాత పికప్ బండి, తడికలా అతుకులు పడ్డ టెంటు. తాత, అమ్మ, అయిదుగురు పిల్లలు. పన్నెండేళ్లు, అంతకు లోపు పిల్లలకు ప్రవేశ రుసుం లేదు. గట్టు మీది నుంచి గాలం వేసుకుంటే టెక్సాస్ స్టేట్ పార్కుల్లో చేపల లైసెన్సు కూడా అక్కర్లేదు. పొద్దుటి నుంచి క్యాట్‌ఫిష్ పడుతున్నారు. వాళ్లకు ఇది సముద్రతీర విహారం కింద లెక్క. ఈ రాష్ట్రంలో నేలంతా నూటికి తొంభై అయిదు వంతులు ప్రైవేటుదే మామయ్యా. కంచె లేని చెట్టు దొరకాలంటే పార్కుకే రావాలి. నీళ్ల పక్కన రాత్రి గడపాలంటే ఒడ్డున ఇల్లు ఉండాలి, లేదా ఇలాంటి సైటు ఉండాలి. ఒడ్డున ఇల్లెంతో మీరు అడగొద్దు.

మామయ్య: నిన్న కారుల చూసిన. అవతలి గట్టు మీద కట్టుకుంట వస్తున్నరు.

మేనకోడలు: ఈ పార్కుల కథ 1923లో మొదలైంది. అప్పటి గవర్నర్ ప్యాట్ నెఫ్ స్టేట్ పార్కుల బోర్డు పెట్టించాడు. వాళ్లమ్మ చనిపోతూ లియాన్ నది ఒడ్డున ఉన్న ఆరెకరాలు జనం కోసం రాసిచ్చింది. బోర్డయితే పెట్టారు కానీ శాసనసభ పైసా ఇవ్వలేదు. ఆ తర్వాత పదేళ్లకు, ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు, పనిలేని యువకుల కోసం రూజ్‌వెల్ట్ పెట్టిన సీసీసీ అనే దళం కుర్రాళ్లు వచ్చి పని చేశారు. నెలకు ముప్పై డాలర్ల జీతం, అందులో పాతిక తిన్నగా ఇంటికి పంపేవారు. క్యాడో చెరువు దగ్గర కాటేజీలు, డేంజర్‌ఫీల్డ్ చెరువు, ఇంకా ఎన్నో పార్కుల్లో రాతి గోడలు వాళ్ల చేతివే. 1942 దాకా సాగింది ఆ పని.

మామయ్య: కరువు పని. మన దగ్గర కూడా కాలువలు, చెరువు కట్టలు ఎన్నో కరువు పనుల కిందనే లేచినయి. తిండికి లేని పిలగాళ్లతోటి కట్టించిన గోడ అది, దాన్ని మీరు ఫోటో తీసుకుంటరు. సరే, ఇది చెప్పు. ఆ కట్టిన పార్కుల్లో నల్లవాళ్లను రానిచ్చిండ్రా?

మేనకోడలు: లేదు. చాలా పార్కుల్లో రానివ్వలేదు. టైలర్ స్టేట్ పార్కు మీద నల్లజాతి వాళ్లు కోర్టుకు వెళ్లారు. 1960లు వచ్చేదాకా ఆ గేట్లు పూర్తిగా తెరుచుకోలేదు.

మామయ్య: అట్ల చెప్పు. అందరిదీ అనే బోర్డు రాసినంక కూడ అందరికీ దొరకడానికి నలభై ఏండ్లు పట్టింది.

మేనకోడలు: పట్టింది. కానీ కేసు వేయాలంటే ముందు అది ప్రభుత్వ భూమై ఉండాలి కదా. ఎవరో కామందు తోటైతే కోర్టు ఏమంటుంది, నీకేం పని అంటుంది.

ఇక్కడ మామయ్య లేచి నీటి అంచు దాకా వెళ్లొచ్చారు. ఆయన నడక చూస్తే చెరువు తనిఖీకి వచ్చినట్టే ఉంటుంది. తిరిగొచ్చి కూర్చున్నాక గొంతు మారింది. అప్పటిదాకా మేనకోడలిని ఆటపట్టిస్తున్న మనిషి, ఇప్పుడు శాఖ మనిషిగా మాట్లాడారు. నా మట్టుకు నాకు అసలు మాట ఇక్కడ మొదలైంది.

మామయ్య: ఈ చెరువు పూర్తి నీటిమట్టం ఎంతో తెలుసా?

మేనకోడలు: తెలియదు.

మామయ్య: సముద్రమట్టానికి 522 అడుగులు. నేను వచ్చిన దినమే చూసుకున్న. మౌంటెన్ క్రీక్ అనే వాగుకు అడ్డం కట్టిన కట్ట ఇది. ఆర్మీ ఇంజనీర్ల కోర్ 1980లలో కట్టింది. డాలస్ చుట్టూ మీరు లేక్ లేక్ అని పిలిచేటియన్నీ చెరువులే బిడ్డా, మనుషులు కట్టినవే. కాకతీయులు చేసిన పనినే వీళ్లు కాంక్రీటు తోటి చేసిండ్రు. ఇప్పుడు విను. 522 కాడ నీళ్లు తాగడానికి నిల్వ. దాని పైన 536 అడుగుల దాకా ఖాళీ జాగ వదిలిండ్రు, వరదొస్తే ఆపుకోవడానికి. మధ్యల పద్నాలుగు అడుగులు. మీ పార్కుల కిందిభాగం, ఈ గట్టు, ఆ పడవలు దించే రేవు, అన్నీ ఆ పద్నాలుగు అడుగుల్లనే ఉన్నయి. మన లెక్కల దీన్నేమంటరు?

మేనకోడలు: శిఖం.

మామయ్య: శిఖం! నీళ్లు లేనప్పుడు నేల, వచ్చినప్పుడు చెరువు. నువ్వు శిఖంల డేరా వేసినవు. 2015 మే నెలల ఏమైందో తెలుసు కదా?

మేనకోడలు: తెలుసు. టెక్సాస్‌లో ఎన్నడూ పడనంత వాన ఆ నెల్లో. చెరువు పొంగి పార్కులోకి వచ్చింది, మూసేశారు.

మామయ్య: మూసేసిండ్రు. మనుషులు డేరాలు మడుచుకొని పోయిండ్రు. బల్లలు మునిగినయి, రోడ్డు పాడైంది, అంతే కదా. ఇదే జాగల మూడంతస్తుల అపార్ట్‌మెంట్లుంటే? ఇంజనీరుకు నచ్చే ముచ్చట ఇది. ప్రకృతి, పిల్లలు, చుక్కలు, ఇవన్నీ నువ్వు చెప్పినవు గానీ అసలుది చెప్పలేదు. వరద జాగల ఏది పెట్టాలె? లేచి పోగలిగేది పెట్టాలె. డేరా, బల్ల, పడవ. అందుకే ఇక్కడ క్యాంపింగ్ ఉన్నది. జనం మీద ప్రేమ తోటి కాదు.

మేనకోడలు: ప్రేమ కాకపోవచ్చు, చట్టం ఉంది. కోర్ కట్టే చెరువుల దగ్గర జనం విహారానికి ఏర్పాట్లు చేయొచ్చని 1944 నాటి వరద నియంత్రణ చట్టంలోనే రాశారు. వరద జాగా ఖాళీగా ఉండాలన్నంత వరకు మీ ఇంజనీరు లెక్క. ఆ ఖాళీలోకి ఎవరైనా రావచ్చన్నది వేరే నిర్ణయం. అది ఎవరో కూర్చుని రాస్తేనే వచ్చింది. కంచె వేసి ఖాళీగా వదిలేసినా వరద ఆగుతుంది కదా?

మామయ్య: ఆగుతది. (నవ్వుతూ) మన డ్యాముల కాడ జనానికి ఇచ్చిందేంది? ఒక వ్యూ పాయింటు, ఒక మిర్చి బండి, ఫోటోలు తీయరాదని ఒక బోర్డు. లక్నవరం ఒక్కటి నయం. వేలాడే వంతెన వేసిండ్రు, దీవిల కాటేజీలు కట్టిండ్రు. కాకతీయుల చెరువు ఏడువందల ఏండ్ల తర్వాత కూడా ఆయకట్టుకు నీళ్లిస్తున్నది, మీది నుంచి సెల్ఫీలిస్తున్నది.

మేనకోడలు: హైదరాబాదు చెరువుల దగ్గర?

మామయ్య: అది అడగకు.

మేనకోడలు: అడుగుతాను. ఇందాకటి నుంచి డబ్బు కట్టి ఒడ్డున పడుకోవడమేంటి అంటున్నారు. మన చెరువుకు టికెట్టు లేదు, బతుకమ్మ నాడు ఊరంతా కట్ట మీదే ఉండేది, బర్రెలు దిగేవి, బట్టలు ఉతికేవాళ్లు, పిల్లలు ఈదేవాళ్లు. అన్నీ నిజమే. ఆ ఒడ్డు ఇప్పుడు ఎక్కడుంది మామయ్యా?

మామయ్య: ఎఫ్‌టీఎల్ రాళ్లు, అంటే పూర్తి నీటిమట్టం హద్దురాళ్లు, పాతించినోణ్ని నేను. పొద్దున లెవలు పట్టి, గుర్తు పెట్టి, సున్నం పూసి పాతితే, మళ్ల నెల తనిఖీకి పోయేసరికి రాళ్లు నీళ్ల దిక్కు జరిగి ఉండేవి. రాయికి కాళ్లున్నయా అని నీరటికాణ్ని అడిగిన. రాత్రిపూట వస్తయి సారూ అన్నడు. చెరువు పొట్ట చిన్నగైతది, మత్తడి దూకే తొవ్వల ప్లాట్లు లేస్తయి, వానాకాలం కాలనీలకు పడవలు పంపాలె. 2024ల హైడ్రా అని సర్కారు సంస్థ పెట్టి ఆ కట్టడాలను కూలగొట్టిండ్రు, పేపర్లల్ల చూసినవు కదా. కూలగొట్టే యంత్రం లారీ మీద వస్తది. రాయి జరిగిన దినం ఎవ్వరూ రాలేదు.

మేనకోడలు: ఆ రాయి పక్కన ప్రతి వారం ఒక యాభై కుటుంబాలు టెంట్లు వేసుకుని ఉంటే జరిగేదా?

ఈ ప్రశ్నకు మామయ్య వెంటనే ఏమీ అనలేదు. ఆవిడ ఇంతసేపూ దాచుకున్న మాట ఇదేనని నాకు అనిపించింది. ఒడ్డును వాడుకునే మనుషులుంటే దానికి కాపలా ఉన్నట్టే అన్నది ఆవిడ వాదం. ఇంటిపక్క చెరువును మనం వాడుకోవడం మానేశాకే అది స్థలం అయిపోయిందన్న సంగతి నాకూ ఒప్పే అనిపించింది, కొంతమేరకు. మామయ్య ఆ కొంతమేరను పట్టుకున్నారు.

మామయ్య: యాభై కుటుంబాలు సరే. ఇక్కడ రోడ్డు మీద పోతుంటే ఒక పాత పొలం, కొట్టాలు చూపించినవు. పెన్ ఫామ్ అంటివి. 1850లల వచ్చి స్థిరపడ్డ కుటుంబం, నూరేండ్లకు పైగా సాగు చేసిండ్రట. వాళ్లు ఆ నేలను రోజూ వాడుకున్నరు కదా. వాడుకున్నా పోయింది. శ్రీశైలం డ్యాము ముంపుల ఊర్లకు ఊర్లు పోయినయి, వాళ్లూ వాడుకుంటున్నోళ్లే. కొట్టాన్ని మ్యూజియం చేసి బోర్డు పెడితే చెల్లిపోయిందా?

మేనకోడలు: చెల్లిపోలేదు. వాడుకుంటే చాలు అన్న నా మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఫెయిర్‌ఫీల్డ్ సంగతి అందుకే చెప్పలేదు మీకు.

మామయ్య: ఏం ఫెయిర్‌ఫీల్డ్?

మేనకోడలు: డాలస్ నుంచి హ్యూస్టన్ వెళ్లే దారిలో ఉంటుంది. మేము ఈ పక్కకు రాకముందు అక్కడికే వెళ్లేవాళ్లం. బొగ్గు కరెంటు ఫ్యాక్టరీని చల్లబరచడానికి కట్టిన చెరువు, 2,400 ఎకరాలు. వేడినీళ్లు వదిలేవాళ్లు కాబట్టి చలికాలంలోనూ నీరు గోరువెచ్చగా ఉండేది. సముద్రంలో ఉండే రెడ్ డ్రమ్ చేపలను తెచ్చి వదిలితే అందులో బతికాయి. వాటి కోసం రాష్ట్రమంతటి నుంచీ గాలాలు పట్టుకుని వచ్చేవాళ్లు. శీతకాలం బట్టతల గద్దలు వచ్చేవి. ఒడ్డున 1,820 ఎకరాల స్టేట్ పార్కు 1976లో తెరిచారు.

మామయ్య: భూమి?

మేనకోడలు: కంపెనీది. రాష్ట్రానిది లీజు.

మామయ్య: అట్లనా. చెప్పు, చెప్పు.

మేనకోడలు: 2018లో కరెంటు ఫ్యాక్టరీ మూతపడింది. కంపెనీ చెరువుతో సహా అయిదు వేల ఎకరాలు అమ్మకానికి పెట్టింది. డాలస్‌కు చెందిన ఒక రియల్ ఎస్టేట్ సంస్థ 2023 జూన్‌లో కొనుక్కుంది, పదకొండు కోట్ల డాలర్ల పైచిలుకు. గోల్ఫ్ కోర్సు, గేటు వేసిన ఇళ్లు, అదీ వాళ్ల ఆలోచన. ఆ జూన్ మొదటి వారంలోనే పార్కు గేటు మూసేశారు. సామాన్లు ఊడదీసుకుని తెచ్చుకున్నారు రాష్ట్రం వాళ్లు.

మామయ్య: సర్కారు ఊకున్నదా? భూసేకరణ చేయొచ్చు కదా?

మేనకోడలు: చేద్దామని పార్కుల కమిషన్ తీర్మానించింది. అలా పార్కు కోసం బలవంతంగా తీసుకోవడం ఇక్కడ చాలా అరుదు, పెద్ద గొడవైంది. పరిహారం తేల్చడానికి కోర్టు వేసిన ముగ్గురు సభ్యుల సంఘం నలభై ఒక్క కోట్ల డాలర్ల పైన చెప్పింది. అంత పెట్టలేమని ఆ ఏడాది చివర రాష్ట్రం వదులుకుంది.

మామయ్య: పదకొండుకు కొన్నది నలభై ఒకటైందా, నెలల్ల! మన దగ్గర భూసేకరణ ఆఫీసరు ఈ మాట వింటే సెలవు పెడతడు. 1976 నుంచి నలభై ఏడేండ్లు ఆ ఒడ్డున జనం టెంట్లు వేసుకున్నరు, టికెట్లు కొన్నరు, గాలాలేసిండ్రు. నీ యాభై కుటుంబాలు కాదు, వేల మంది. రాయి జరిగింది కదా బిడ్డా. రాత్రి కాదు, పట్టపగలు, రిజిస్ట్రేషన్ తోటి.

మేనకోడలు: జరిగింది.

మామయ్య: ఈ సీడర్ హిల్ ఎవరిది?

మేనకోడలు: ఇదీ లీజే. కోర్ దగ్గర నుంచి 1982లో దీర్ఘకాలానికి తీసుకున్నారు, 1991లో తెరిచారు. కానీ ఇక్కడ భూమి యజమాని కంపెనీ కాదు, కేంద్ర ప్రభుత్వం. వరద జాగా కాబట్టి అమ్ముకోవడం అంత తేలిక కాదు.

మామయ్య: చూసినవా, మళ్ల నా పద్నాలుగు అడుగులే కాపాడినయి. పాటలు కాదు, పిల్లలు కాదు.

మేనకోడలు: మీ పద్నాలుగు అడుగులు ఉన్న చోట సరే, లేని చోట? ఫెయిర్‌ఫీల్డ్ తర్వాత జనం ఊరుకోలేదు మామయ్యా. టెంట్లు, గాలాలు, క్రీడా సామాను మీద వసూలయ్యే అమ్మకం పన్నును పార్కులకే ఇస్తామని 1993లోనే చట్టం చేశారు. కానీ ప్రతిసారీ శాసనసభ అందులో చాలా భాగం వేరే ఖర్చులకు మళ్లించేది. 2019లో రాజ్యాంగ సవరణకు ఓటు పెట్టి ఆ మళ్లింపు ఆపారు. ఫెయిర్‌ఫీల్డ్ పోయిన అదే ఏడాది, 2023 నవంబరులో, కొత్త పార్కులకు భూమి కొనడానికి వంద కోట్ల డాలర్ల నిధికి ఓటేశారు. ఇక మీద లీజు కాదు, సొంతం. అందుకే ఈ ముప్పై నలభై డాలర్లు కట్టడం నాకు బరువనిపించదు. నా టెంటు మీద కట్టిన పన్ను కూడా పార్కులకే పోతుంది.

మామయ్య: ఒడ్డు పోయినంక కొనడానికి పైసలు పెట్టిండ్రు. సరే, ఆలస్యమైనా మంచిదే. మా దగ్గర చెరువు పోయినంక కమిటీ వేస్తరు. నలభై ఏడేండ్లల్ల ఎప్పుడన్నా కంపెనీ దగ్గర కొనుక్కోవచ్చు కదా, ఎందుకు కొనలేదో ఆ రేంజర్‌ను అడిగినవా?

మేనకోడలు: రేంజర్‌ను అడిగి ఏం లాభం? ఆస్టిన్‌లో శాసనసభను అడగాలి. ఓటు వేసేవాళ్లే అడగాలి.

మామయ్య: అదే అంటున్న. 2023ల నువ్వు ఓటేసినవా మరి?

మేనకోడలు: లేదు.

మామయ్య: ఎందుకు? ఇంత మాట్లాడుతున్నవు.

మేనకోడలు: మాకింకా గ్రీన్‌కార్డే రాలేదు కదా మామయ్యా. ఓటెక్కడిది?

మామయ్య: టెంటు మీద పన్ను?

మేనకోడలు: అది కట్టాను.